పరమాణువు మధ్యలో ఎవరు నిలబడాలి

పిల్లల చేత పరమాణువు మీద నాటిక వేయిస్తానని ఒప్పుకున్నాక గానీ నాకు ఒక సంగతి తెలిసిరాలేదు. మనవాళ్ళలో ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ తమ బిడ్డ కేంద్రకమే కావాలి. ఎలక్ట్రాన్‌ని కన్న తల్లి మా సంఘంలో ఒక్కరూ లేరు.

ఇది రెండు వేల దశకం నడిమిలో ఆక్లండ్‌లో జరిగింది. అప్పట్లో మేము ఊరి పడమటి వైపు న్యూ లిన్‌లో, రైలు చప్పుడు వినిపించేంత దూరంలో ఒక ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పి వచ్చిన నేను, ఇక్కడ ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా కుదురుకున్నాను. ఆ సంగతి తెలుసుకుని తెలుగు సంఘం అధ్యక్షుడుగారు ఇంటికే వచ్చారు. ఆయన ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. సంఘంలోనూ మేనేజరే.

"ప్రతి ఉగాదికీ సినిమా డాన్సులే అవుతున్నాయి మేడమ్. మన పిల్లలకి బ్రెయిన్ కూడా ఉందని చూపించాలి కదా. ఏదైనా ఎడ్యుకేషనల్‌గా వేయించండి" అన్నారు.

నాకు నిజంగానే సంతోషం వేసింది. పరమాణువుకు ఒక కేంద్రకం ఉందని కనిపెట్టినవాడు ఈ దేశంలో పుట్టినవాడే. ఆ కథను మన పిల్లలు తెలుగులో చెబితే ఎంత బాగుంటుంది! గుంటూరులో నేను ఆ పాఠాన్ని ఎలా చెప్పేదాన్నో నాకు గుర్తుంది. ఫలానావారి నమూనా, దాని లోపాలు, ఎనిమిది మార్కులు. లోపాలు రెండు రాస్తే చాలు, మూడోది రాస్తే టైము వేస్టు. పిల్లలు కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాళ్ళు. పరీక్ష అయిన మర్నాడు పరమాణువు ఎవరికీ గుర్తుండేది కాదు. ఈసారైనా ఒకరు చెప్పింది ఇంకొకరు ఎలా దిద్దారో, ఆ దిద్దినదాన్ని మరొకరు ఎలా దిద్దారో పిల్లలకు ఆటలా తెలియాలనుకున్నాను.

శనివారాలు మా గ్యారేజీలో రిహార్సల్స్ మొదలుపెట్టాం. మొదటి దృశ్యంలో పిల్లలందరూ ముద్దగా ఒకరినొకరు కావలించుకుని కూర్చోవాలి. అది పగలగొట్టడానికి వీల్లేని గట్టి గుండులాంటి పరమాణువు. రెండోది పుచ్చకాయ. ఎర్రటి గుజ్జంతా ధనావేశం, అందులో గింజల్లాగా ఎలక్ట్రాన్లు. మూడోది బంగారు రేకు ప్రయోగం. పల్చటి రేకు మీదికి చిన్న చిన్న కణాలు వదిలితే చాలావరకు అడ్డే లేనట్టు దూసుకుపోయాయి. ఎక్కడో ఒకటి మాత్రం గోడకు తగిలినట్టు వెనక్కి వచ్చింది. అంటే పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే, బరువంతా మధ్యలో ఒక చిన్న చోట ఉంది. వేదిక మధ్యలో ఒక మిరియపు గింజ పెట్టి అదే కేంద్రకం అనుకుంటే, ఎలక్ట్రాన్ ఉండాల్సింది హాలు బయట, రోడ్డు దాటి, రగ్బీ మైదానం అవతలి అంచున.

ఈ మాట చెప్పడమే నా కొంప ముంచింది.

"మా వాణ్ణి అంత దూరం పంపిస్తారా? వీడియోలో పడడు కదండీ" అని ఒకావిడ. "మా పాపకి మధ్యలో ఇవ్వండి మేడమ్, ఇండియాకి సీడీ పంపించాలి" అని ఇంకొకావిడ. లిథియంతో మొదలుపెట్టిన నా పరమాణువులోకి ప్రతి వారం ఎవరో ఒకరి బిడ్డ కొత్త ప్రోటానుగా వచ్చి చేరేవాడు. మూడు వారాల్లో మాది కార్బన్ అయింది. కమిటీవాళ్ళ సిఫార్సులతో నియాన్ దాకా పోయింది. ప్రోటాన్లు పెరిగినకొద్దీ అన్ని ఎలక్ట్రాన్లూ కావాలి కదా? ఆ వేషానికి ఒక్కళ్ళు ముందుకు రారు. ఇలాంటి పరమాణువు ప్రపంచంలో ఎక్కడా నిలబడదు తల్లీ అని నేను మొత్తుకుంటే, "ఎడ్జస్ట్ చేయండి మేడమ్" అనేవారు. ప్రకృతిని ఎడ్జస్ట్ చేయమని నన్నడిగితే నేనేం చేసేది!

అడగకుండానే ఎలక్ట్రాన్ అవుతానన్న పిల్ల ఒక్కతే. ఊరి దక్షిణపు చివరనున్న టకానిని నుంచి వచ్చేది. పన్నెండేళ్ళుంటాయి. వాళ్ళమ్మది ఒంగోలు వైపు. అక్కడ నర్సు. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయినా నర్సు రిజిస్ట్రేషన్ రాక ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర లేని కళ్ళతో పాత కారు వేసుకుని మోటర్‌వే మీద ఆ చివర నుంచి ఈ చివరకు పిల్లను తీసుకొచ్చేది. రిహార్సల్ అయ్యేదాకా కారులోనే సీటు వెనక్కి వాల్చి పడుకునేది. లోపలికి రమ్మంటే, "వద్దులే అక్కా, ఒకసారి కూర్చుంటే లేవలేను" అని నవ్వేది.

ఆ పిల్ల మూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటివెంట ఇంగ్లీషే వస్తుంది. అప్పటిదాకా సంఘం వాళ్ళు ఏ ఫంక్షన్లో వేయించినా గ్రూప్ డాన్సులో వెనక వరసలో చివరన నిలబెట్టేవాళ్ళట. ఆ సంగతి వాళ్ళమ్మ ఫిర్యాదుగా చెప్పలేదు, మాటల్లో అలా వచ్చింది. విన్న నాకు మాత్రం చురుక్కుమంది.

ఒక శనివారం గ్రహాల్లాగా తిరిగే దృశ్యం నేర్పిస్తున్నాను. మధ్యలో కేంద్రకం, చుట్టూ గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్లు. ఈ బొమ్మ అందరికీ తెలుసు, స్కూలు పుస్తకాల అట్టల మీద ఉంటుంది. ఈ పిల్ల రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"ఆంటీ, ఇలా రౌండ్ అండ్ రౌండ్ తిరుగుతూనే ఉంటే టయర్డ్ అవదా? లోపలికి పడిపోదా?"

గుంటూరులో వందలమంది చేత 'లోపాలు: రెండు' రాయించాను. మొదటి లోపం అదే. ఆవేశమున్న కణం వలయంలో తిరుగుతుంటే దాని శక్తి వెలుగు రూపంలో కారిపోవాలి, అది సుడి తిరుగుతూ కేంద్రకంలో పడిపోవాలి, కన్ను మూసి తెరిచేలోగా ప్రపంచంలో ఒక్క పరమాణువూ మిగలకూడదు. రాయించానే గానీ, అంతమందిలో ఒక్కరు కూడా తమంతట తాము ఈ ప్రశ్న అడగలేదు. ఈ పిల్లకు కాళ్ళు నొప్పి పుట్టి తట్టింది.

ఆ రోజు అందరినీ సిమెంటు నేల మీద కూర్చోబెట్టి మిగతా కథ చెప్పాను. ఎలక్ట్రాన్‌కు కొన్ని దారులే ఉన్నాయి, వాటిమీద ఉన్నంతసేపూ శక్తి పోదు అని ఒకాయన సర్దాడు. హైడ్రోజన్‌కు ఆ లెక్క అతికినట్టు సరిపోయింది, మిగతావాటి దగ్గర తేలిపోయింది. తర్వాతివాళ్ళు అసలు దారే లేదన్నారు. ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని ముందుగా ఎవరూ చెప్పలేరు, ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో అంతవరకే చెప్పగలరు. అదొక మబ్బు. ఆ మబ్బే మా ఆఖరి దృశ్యం. ఇండియా నుంచి తెచ్చుకుని, ఇక్కడ అవసరం పడక అటక మీద పడేసిన మా తెల్లటి దోమతెరను పిల్లలందరి మీదా కప్పాలి. దాని లోపలి నుంచి ఒక ఎలక్ట్రాన్ తల బయటపెట్టి మాట్లాడాలి. ఆ మాటలు ఈ పిల్లకే ఇచ్చాను. ఇంకెవరికిస్తాను?

"నన్ను ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేరు. ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో అంతే చెప్పగలరు. అయినా నేను లేకపోతే మీరెవరూ లేరు."

అంతే, మూడు వాక్యాలు. వాటి కోసం ఆ తల్లీకూతుళ్ళు పడిన పాట్లు నాకు ఫోనులో తెలుస్తుండేవి. "అన్నం వండుతా చెప్పిస్తన్నా అక్కా. కార్లో చెప్పిస్తన్నా. ఇది నాతో ఇంత తెలుగు మాట్టాడింది ఇప్పుడే. నిన్న నిద్దట్లో కూడా అంటంది" అంటూ మురిసిపోయేది. ఫంక్షను రోజున మధ్యాహ్నం డ్యూటీ ఎవరినో బతిమాలి సాయంత్రానికి మార్చుకుంది. "ఏడింటికల్లా నేను అక్కడుండాలక్కా. ఆలోపు అయిపోద్దిగా?" అని అడిగింది. నాలుగున్నరకే మన నాటిక అని కార్యక్రమంలో ఉంది, కంగారు పడకు అన్నాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. చివరి రిహార్సల్‌కు అధ్యక్షుడుగారి భార్య వచ్చింది. వాళ్ళబ్బాయి బంగారు రేకు శాస్త్రవేత్త. అంతా చూసి నన్ను పక్కకు పిలిచింది.

"లాస్ట్ డైలాగ్ ఆ అమ్మాయికి ఇచ్చారేంటండీ? తెలుగు సరిగ్గా రాదు కదా. మా వాడు చెప్పేస్తాడు."

"మీవాడు శాస్త్రవేత్త కదండీ."

"రెండూ చేస్తాడు. అయినా వాళ్ళు మన ఫంక్షన్లకి రెగ్యులర్‌గా కూడా రారు. మనవాళ్ళు ఇంతమంది ఉండగా..."

వాళ్ళు. మనవాళ్ళు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ తల్లీకూతుళ్ళలా ఆదివారం చర్చికి పోయేవాళ్ళు, ముసలివాళ్ళ పక్కలు మార్చి బతికేవాళ్ళు 'వాళ్ళు' అన్నమాట. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం 'మనం'. ఈ దేశంలో విమానం దిగితే ఎయిర్‌పోర్టులో కుక్కల చేత వాసన చూపించి, ఊరగాయ జాడీ దగ్గర నుంచి తేనె సీసా దాకా ఆరా తీస్తారు. ఈ 'వాళ్ళు, మనవాళ్ళు' అనే ఒక్క సామాను మాత్రం ఎవరికీ దొరక్కుండా భద్రంగా తెచ్చుకున్నాం. డైలాగ్ ఆ పిల్లదే, ఇష్టం లేకపోతే నాటిక మొత్తం ఆపేస్తానని మొహం మీదే చెప్పాను. ఆవిడ ముక్కు చిట్లించుకుని వెళ్ళిపోయింది.

ఫంక్షను ఒక స్కూలు హాల్లో. నాలుగున్నరకు నాటిక అన్నారు కదా, నాలుగున్నరకు ఇంకా మైకు పరీక్షిస్తున్నారు. తర్వాత జ్యోతి వెలిగించారు. ఆ జ్యోతి వెలిగించడానికి వేదిక మీదికి ఎవరెవరు రావాలన్న దాని మీద ఒక తగవు. తర్వాత పంచాంగ శ్రవణం. ఆ తర్వాత ముఖ్య అతిథి మన సంస్కృతి ఎంత గొప్పదో చాలాసేపు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయనకు శాలువా, పుష్పగుచ్ఛం, ఫోటో. ప్రాయోజకులకు ఒక్కొక్కరికీ శాలువా, పుష్పగుచ్ఛం, ఫోటో. పిల్లలు మేకప్ కారిపోయి తెర వెనక నేల మీద పడుకుంటున్నారు. పిల్లల కోసమే ఉగాది అని పేరు పెట్టి, పిల్లలను ఆకలితో కూర్చోబెట్టి పెద్దవాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం మనకు మాత్రమే వచ్చిన విద్య.

ఆ తల్లి హాలు వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. యూనిఫాం మీద స్వెటర్ వేసుకుంది. చేతిలో చిన్న కెమెరా. మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది.

ఆరు దాటాక మమ్మల్ని పిలిచారు. గుండు బాగానే జరిగింది. పుచ్చకాయకు నవ్వులు వచ్చాయి. బంగారు రేకు దగ్గరకొచ్చేసరికి అసలు గొడవ మొదలైంది. రేకులోని కేంద్రకాలుగా పిల్లలు ఎడంగా నిలబడాలి, అంటించిన మీసంతో అధ్యక్షుడుగారి అబ్బాయి పింగ్‌పాంగ్ బంతులు విసరాలి, అవి పిల్లల మధ్యలోంచి పోవాలి, ఒకటి మాత్రం వెనక్కి రావాలి. రిహార్సల్లో ఎన్నిసార్లు చేశామో! ఇప్పుడు ముందు వరసల్లో కెమెరాలు పట్టుకున్న అమ్మానాన్నలు లేచి చేతులు ఊపడం మొదలుపెట్టారు. "మధ్యలోకి రా కన్నా!" "ముందుకు, ముందుకు జరుగు!" "అక్కడ ఖాళీగా ఉంది చూడు, అక్కడ నిలబడు!" పిల్లలు అమ్మల మాట విన్నారు. అందరూ వచ్చి మధ్యలో ఇరుక్కున్నారు. విసిరిన బంతి విసిరినట్టే వెనక్కి వచ్చి ముఖ్య అతిథి ఒళ్ళో పడింది. హాలంతా చప్పట్లు. నేను తెర పక్కన నిలబడి పళ్ళు నూరుకున్నాను. పరమాణువులో ఉన్నదంతా ఖాళీ అని చెప్పడానికి వచ్చి, తెలుగువాళ్ళ పరమాణువులో సూది మోపే సందు కూడా లేదని రుజువు చేశాం.

తర్వాత డప్పు దరువుకు గ్రహాల తిరుగుడు. ఇంకా పెద్ద చప్పట్లు. దోమతెర పట్టుకుని ఆ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడింది. పెదవులు కదుపుతూ మాటలు చూసుకుంటోంది. అప్పుడే అధ్యక్షుడుగారు మెట్లెక్కి వచ్చారు.

"సూపర్ మేడమ్. ఇక్కడ ఆపేద్దాం. భోజనాలు వచ్చేశాయి, డాన్సులు ఇంకా ఉన్నాయి."

"ఇంకొక్క దృశ్యం ఉందండీ. రెండు నిమిషాలు కూడా పట్టదు."

"తిరిగారు కదా, చప్పట్లు కూడా వచ్చాయి. మంచి ఎండింగ్."

"అది తప్పండీ! ఆ బొమ్మ తప్పని తేలి ఎన్నో ఏళ్ళయింది. అక్కడ ఆపితే ఇంతమందికీ అబద్ధం చెప్పి పంపినట్టే."

ఆయన నవ్వారు. "ఎవరికి తెలుస్తుంది మేడమ్?"

నేను జవాబు చెప్పేలోగా వెనక్కి తిరిగి మైకులో డాన్సు పేరు చదివారు. పాట మొదలైంది. మెరుపుల లంగాలు వేసుకున్న పిల్లలు మమ్మల్ని తోసుకుంటూ వేదిక మీదికి పరిగెత్తారు. నేను ఆయన వెంటపడితే, "డాన్సు అయ్యాక చూద్దాం" అన్నారు. ఒక డాన్సు అయ్యాక ఇంకొకటి వచ్చింది. దాని తర్వాత లాటరీ తీశారు.

ఆ తల్లి వేదిక పక్కకు వచ్చింది. "ఇంకా ఎంతసేపు పడద్దక్కా?" అని అడిగింది. "నేను పోకపోతే అక్కడ ముసలోళ్ళకి మాత్రలిచ్చే దిక్కుండదు. ఇప్పుడు డ్యూటీలో ఉన్న పిల్ల ఇంటికెళ్ళిపోవాల" అంది. కూతురి జుట్టు సవరించి, బుగ్గ మీద చెయ్యి వేసి, "బాగా చెప్పు నాన్నా. ఆంటీ నిన్ను దించుద్ది" అంది. కెమెరా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క ఫోటో తియ్యలేదు అందులో. ఆ పిల్ల తలుపు వైపే చూస్తూ దోమతెరను మడతలు పెట్టింది. ఏడిస్తే బాగుండేదనిపించింది నాకు. ఏడవలేదు.

భోజనాల ముందు వందన సమర్పణ. అందులో నా పేరు పిలిచారు. మన సైన్స్ మేడమ్ గారికి సన్మానం! నాకు ఒళ్ళు తెలియలేదు. వెళ్ళాను. అధ్యక్షుడుగారు శాలువా కప్పారు, ఫోటోకు నవ్వారు. నేను ఆయన చేతిలోని మైకు లాక్కున్నాను.

"మీరందరూ చప్పట్లు కొట్టింది తప్పు నమూనాకి" అన్నాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. "ఆఖరి మాట చెప్పాల్సిన పిల్లను గంటసేపు తెర వెనక నిలబెట్టారు. ఎందుకు? ఆ పిల్ల ఎవరి బిడ్డో మీకు లెక్కలేదు కాబట్టి. వాళ్ళమ్మ మీ ముసలివాళ్ళకి కూడా రేపు అన్నం తినిపించాల్సిన మనిషి. ఈ శాలువాలన్నీ కలిపి కుట్టినా మీ సిగ్గు దాచుకోవడానికి చాలవు."

అధ్యక్షుడుగారు, "సరే సరే మేడమ్, చెప్పించండి, చెప్పించండి, పాపని పిలవండి" అని చేతులెత్తేశారు. పిలిచాను. ఆ పిల్ల నెమ్మదిగా వచ్చింది. దోమతెర కిందే వదిలేసి వచ్చింది. మైకు అందుకుంది. ముందు వరసలో ఎవరో కెమెరా పైకెత్తారు.

ఆ పిల్ల హాలు వెనక తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అంది.

"మా అమ్మ వెళ్ళిపోయింది. నేను మా అమ్మ కోసం నేర్చుకున్నాను. మీకు చెప్పను."

మైకు జాగ్రత్తగా నా చేతిలో పెట్టి మెట్లు దిగింది. చెప్పమ్మా అని నేను రెండోసారి అడగలేదు.